వర్చువల్ సర్వర్‌లో ప్రాసెసర్ ఎందుకు మండిపోతోంది? కారణం పట్టుకునే క్రమం

అర్ధరాత్రి ఫోను మోగుతుంది. ప్రాసెసర్ వాడకం 97 శాతం దాటిందని హెచ్చరిక. సైటు తెరుచుకోవడానికి పది సెకన్లు పడుతోంది. కొత్త కోడ్ పెట్టలేదు, సందర్శకులు పెరిగిన జాడ లేదు. ఇలాంటప్పుడు చేయి ముందుగా వెళ్లేది రీబూట్ మీదికే. రీబూట్ చేస్తే సర్వర్ తేరుకుంటుంది, మనకు నిద్ర పడుతుంది. దాంతోపాటు ఆధారాలన్నీ చెరిగిపోతాయి. మూడో రోజు రాత్రి అదే ఫోను, అదే అంకె.

ఇంతకాలం ఈ పని చేశాక నాకు నిలిచిన పద్ధతి ఒకటే. ఏ ప్రోగ్రామ్ తింటోంది అని అడిగే ముందు, ప్రాసెసర్ సమయం ఏ ఖాతాలో ఖర్చవుతోంది అని అడగాలి. చాలామంది ఈ రెండో ప్రశ్నను దాటేసి నేరుగా అనుమానితుల మీద పడతారు. వర్చువల్ సర్వర్‌లో అయితే, అంటే ఒక భౌతిక యంత్రాన్ని పలువురు పంచుకునే సర్వర్‌లో అయితే, అసలు దోషి మన యంత్రంలోనే లేకపోవచ్చు.

ఇక్కడ చెప్పేదంతా లినక్స్ సర్వర్ల గురించి. ఆదేశాల పేర్లు, మీటల అక్షరాలు పలికే తీరులో రాశాను. టెర్మినల్‌లో వాటి మామూలు అక్షరాలతో కొట్టండి.

ముట్టుకునే ముందు ఆనవాళ్లు భద్రం చేయండి

ఏదీ ఆపకండి, ఏదీ చంపకండి. ముందు ఐదు నిమిషాలు ఆధారాల సేకరణకు కేటాయించండి. ప్రాసెసర్‌ను ఎవరు వాడుతున్నారో చూపే టాప్‌ను బ్యాచ్ పద్ధతిలో (తెర బదులు మామూలు పాఠంగా) మూడుసార్లు నడిపి ఫలితాన్ని ఫైల్‌లోకి పంపండి. పిఎస్ ఇచ్చే ప్రాసెస్‌ల (నడుస్తున్న ప్రోగ్రామ్‌ల) పూర్తి జాబితా, ఎస్ఎస్ చూపే నెట్‌వర్క్ కనెక్షన్లు, సెకనుకోసారి చొప్పున ముప్పై సార్లు విఎంస్టాట్ (మెమరీ, ప్రాసెసర్ లెక్కలు చూపేది), ఇవి కూడా అదే ఫోల్డర్‌లో వేయండి. ఫైల్ పేరులో సమయం ఉండాలి. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే దారి) ద్వారా లోపలికి వెళ్లడమే కష్టమైతే, సర్వర్ ఇచ్చిన సంస్థ ప్యానెల్‌లో ఉండే కన్సోల్‌ను వాడండి.

విఎంస్టాట్ ఇచ్చే మొదటి వరుసను పట్టించుకోకండి. అది ఈ క్షణపు లెక్క కాదు, సర్వర్ మొదలైనప్పటి నుంచి ఉన్న సగటు. ఆ వరుస చూసి అంతా ప్రశాంతంగా ఉందని అనుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

తర్వాత లోడ్ యావరేజ్, అంటే నడుస్తున్న, వంతు కోసం వేచి ఉన్న పనుల సగటు సంఖ్య. అప్‌టైమ్ అని కొడితే మూడు అంకెలు వస్తాయి: గడిచిన 1, 5, 15 నిమిషాల లెక్క. మొదటిది పెద్దదిగా, మూడోది చిన్నదిగా ఉంటే గొడవ ఇప్పుడే మొదలైంది. మూడూ దాదాపు ఒకేలా ఉంటే కనీసం పావుగంటగా సాగుతోంది. ఈ అంకెను కోర్ల (ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాల) సంఖ్యతో పోల్చి చూడాలి. కోర్లు ఎన్నో ఎన్‌ప్రాక్ చెబుతుంది. ఎనిమిది కోర్ల సర్వర్‌లో లోడ్ 6 మామూలే, ఒకే కోర్ ఉన్నచోట అది పెద్ద బరువు.

ఇందులో ఒక మెలిక ఉంది. లినక్స్ 1993 నుంచి లోడ్ లెక్కలో డిస్క్ కోసం కదలకుండా నిలిచిపోయిన ప్రాసెస్‌లను కూడా కలుపుతోంది. అందుకే లోడ్ 30 ఉన్నా ప్రాసెసర్ 80 శాతం ఖాళీగా కూర్చుని ఉండవచ్చు. అప్పుడు మీ సమస్య ప్రాసెసర్‌ది కాదు, డిస్క్‌ది లేదా నెట్‌వర్క్ మీద తగిలించిన నిల్వది. పిఎస్ జాబితాలో స్థితి నిలువు వరుసలో ‘డి’ అని కనిపించేవాటిని వెతకండి. ఈ మార్గదర్శిలో మిగతాది మీకు అవసరం పడదు.

ఎనిమిది ఖాతాలు

టాప్ తెరవగానే పైన ప్రాసెసర్ వరుసలో ఎనిమిది అంకెలు ఉంటాయి. వాటి మొత్తం ఎప్పుడూ దాదాపు వంద. యుఎస్ అంటే మామూలు ప్రోగ్రామ్‌లు తమ పని కోసం వాడిన సమయం. ఎస్‌వై కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, వాడినది. ఎన్ఐ ప్రాధాన్యం తగ్గించి నడిపిన పనులది. ఐడి ఖాళీ. డబ్ల్యుఎ డిస్క్ కోసం ఎదురుచూపు, నిజానికి ఇదీ ఖాళీ సమయమే. హెచ్ఐ, ఎస్ఐ హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ అంతరాయాలవి (ఇంటరప్ట్‌లు). చివరిది ఎస్‌టి, అంటే స్టీల్, ఇంగ్లిష్‌లో దొంగిలించడం. దాని సంగతి కింద చెబుతాను.

ఒక ఉదాహరణ చూద్దాం: యుఎస్ 6.1, ఎస్‌వై 2.3, ఎన్ఐ 0.0, ఐడి 8.4, డబ్ల్యుఎ 0.7, హెచ్ఐ 0.0, ఎస్ఐ 0.5, ఎస్‌టి 82.0. హెచ్చరిక పంపే పరికరం చాలాసార్లు వందలోంచి ఖాళీని తీసేసి, 91.6 శాతం వాడకం అని చెబుతుంది. అది చూసి డేటాబేస్‌ను, పీహెచ్‌పీని అనుమానిస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది. మన ప్రోగ్రామ్‌లు వాడింది తొమ్మిది శాతం కూడా లేదు.

టాప్‌లో అంకె 1 నొక్కితే కోర్ల వారీగా విడిపోతుంది. నాలుగు కోర్లలో ఒకటే వంద దగ్గర నిలబడి, మిగతావి ఖాళీగా ఉంటే ఒంటరి థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో ఒకేసారి ఒకే కోర్ మీద నడిచే పని పాయ) ఒకటి తిరుగుతోందని అర్థం. కోర్లు పెంచితే దానికి ఉపశమనం రాదు.

స్టీల్ ఎక్కువగా ఉంటే

వర్చువల్ సర్వర్‌కు ప్రత్యేకమైన జబ్బు ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. మీకు ఇచ్చిన కోర్ నిజమైన కోర్ కాదు. కింద ఉన్న భౌతిక యంత్రంలో హైపర్‌వైజర్ (వర్చువల్ సర్వర్లను నడిపే సాఫ్ట్‌వేర్) వంతులవారీగా ఇచ్చే సమయం అది. మీ పని సిద్ధంగా ఉన్నా హైపర్‌వైజర్ వంతు ఇవ్వకపోతే, ఆ నిరీక్షణ స్టీల్ ఖాతాలో పడుతుంది.

దీనికి ప్రధానంగా రెండు కారణాలు. ఒకటి, అదే యంత్రం మీదున్న ఇరుగుపొరుగు సర్వర్లు. రెండోది, మీ ప్లాన్‌లోనే ఉన్న కోత. అమెజాన్ క్లౌడ్‌లో టి శ్రేణి సర్వర్లు దీనికి చక్కని ఉదాహరణ. అక్కడ ఒక క్రెడిట్ అంటే ఒక వర్చువల్ కోర్‌ను ఒక నిమిషం పాటు పూర్తిగా వాడుకునే హక్కు. టి3 మైక్రోకు గంటకు 12 క్రెడిట్లు జమవుతాయి. అంటే దాని రెండు కోర్లలో ఒక్కోదాన్ని నిలకడగా పది శాతం మాత్రమే వాడుకోవచ్చు. పాత టి2 శ్రేణిలో మామూలుగా క్రెడిట్లు అయిపోగానే వేగం ఆ మూల స్థాయికి పడిపోతుంది, లోపల అది స్టీల్‌గా కనిపిస్తుంది. టి3లో మామూలు అమరిక అపరిమితం, కాబట్టి వేగం తగ్గదు, బిల్లు పెరుగుతుంది. నిన్నటిదాకా బాగున్న సర్వర్ ఈరోజు ఉన్నట్టుండి చతికిలపడితే, ముందు క్రెడిట్ గ్రాఫ్ చూడండి. అది సున్నాను తాకిన సమయం, మీ సైటు నెమ్మదించిన సమయం ఒకటే అయితే కేసు అక్కడితో ముగిసింది.

పొరుగువాళ్లను అనుమానిస్తే రుజువు కావాలి. మీ సర్వర్ ఖాళీగా ఉన్నప్పుడు స్టీల్ దాదాపు కనిపించదు, ఎందుకంటే అడిగినప్పుడే కదా నిరాకరించేది. అందుకని ఒక స్థిరమైన పనిని ఎంచుకోండి. నేను ఒక పెద్ద ఫైల్‌కు షా256 చెక్‌సమ్ (ఫైల్ మొత్తం చదివి కట్టే గుర్తు) వేయించి, టైమ్ ఆదేశంతో కొలుస్తాను. ఫైల్ మెమరీలోకి చేరేలా ముందొకసారి నడిపి, ఆ తర్వాత నుంచి లెక్క రాసుకుంటాను. ఉదయం, మధ్యాహ్నం, అర్ధరాత్రి అదే పని, అదే ఫైల్. గడియారపు సమయం మాత్రం పెరుగుతూ, యూజర్ సమయం అలాగే ఉంటే మీ వంతు ఎవరో తీసుకుంటున్నారు. సరిగ్గా గంట కొట్టగానే స్టీల్ ఎగిసిపడుతుంటే అందులో వింత లేదు. ఆ యంత్రం మీదున్న అందరి క్రాన్ పనులూ (పెట్టిన సమయానికి వాటంతటవే నడిచేవి) సున్నా నిమిషానికే పెట్టి ఉంటాయి. మీవి కనీసం 17వ నిమిషానికి జరపండి.

రుజువు దొరికాక ఆ గ్రాఫ్‌తో సంస్థకు రాయండి. ఈలోగా సర్వర్‌ను పూర్తిగా ఆపి మళ్లీ మొదలుపెడితే, చాలా క్లౌడ్‌లలో అది వేరే భౌతిక యంత్రం మీదికి మారే అవకాశం ఉంది. రీబూట్‌తో మారదు, పూర్తిగా ఆపాలి. ఐపీ చిరునామా మారుతుందో లేదో ముందే చూసుకోండి.

ఒక హెచ్చరిక. స్టీల్ సున్నా ఉందంటే చాలు, పొరుగు నిర్దోషి అని తీర్పు చెప్పకండి. కెవిఎం, జెన్ అనే హైపర్‌వైజర్లు ఈ లెక్కను లోపలికి చెబుతాయి. విఎంవేర్‌లో మామూలుగా అది లోపల కనిపించదు, హోస్ట్ వైపు ‘రెడీ’ అనే కొలతలో ఉంటుంది. అలాంటి చోట పోయిన సమయం మీ ప్రోగ్రామ్ ఖాతాలోనే పడి, ఏ పాపం ఎరగని ప్రాసెస్ దొంగలా కనిపిస్తుంది.

యుఎస్ ఎక్కువగా ఉంటే

ఇది అందరికీ తెలిసిన దారి. టాప్‌లో పెద్ద ‘పి’ నొక్కితే ప్రాసెసర్ వాడకం క్రమంలో వస్తాయి, చిన్న ‘సి’ నొక్కితే పూర్తి ఆదేశం కనిపిస్తుంది, పెద్ద ‘హెచ్’ నొక్కితే థ్రెడ్‌లు విడిపోతాయి. ఇక్కడ వంద శాతం అంటే ఒక కోర్ మాత్రమే. నాలుగు కోర్లున్న సర్వర్‌లో మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ 380 చూపిస్తే లెక్క తప్పలేదు.

పేరు తెలిసినంత మాత్రాన కారణం తెలిసినట్టు కాదు. పీహెచ్‌పీ పనివాళ్లు (వర్కర్ ప్రాసెస్‌లు) ఇరవై మంది తలా కొంచెం తింటుంటే, అసలు ప్రశ్న వాళ్లకు ఆ పని ఎవరు పంపుతున్నారన్నది. వెబ్ సర్వర్ యాక్సెస్ లాగ్‌లో చివరి పదివేల వరుసలు తీసి, ఐపీ చిరునామాల వారీగా ఒకసారి, అడిగిన పేజీల వారీగా ఒకసారి లెక్కపెట్టండి. వర్డ్‌ప్రెస్ సైట్లలో లాగిన్ పేజీ, ఎక్స్ఎంఎల్‌ఆర్‌పీసీ ఫైల్ పై వరుసల్లో కనిపిస్తే పాస్‌వర్డ్‌లు ఊహించే బాట్‌లు పనిలో ఉన్నాయి. ప్రతి ప్రయత్నానికీ పాస్‌వర్డ్ హ్యాష్ లెక్కించాలి. అది కావాలనే బరువుగా రూపొందించిన లెక్క, అందుకే ప్రాసెసర్ కుంగుతుంది. బాట్‌లు కాకపోతే ఎఫ్‌పీఎం (పీహెచ్‌పీ పనివాళ్లను నడిపేది) స్లోలాగ్‌ను ఐదు సెకన్ల హద్దుతో తెరవండి. ఏ ఫంక్షన్ దగ్గర ఆగిపోయిందో వరుస సంఖ్యతో సహా రాసిపెడుతుంది.

మైఎస్‌క్యూఎల్ అయితే ప్రాసెస్ జాబితా పూర్తిగా అడగండి. ఒకే ఆకారంలో ఉన్న క్వెరీ పదిసార్లు కనిపిస్తే దాన్ని ఎక్స్‌ప్లెయిన్ చేయండి, అంటే దాన్ని ఎలా వెతుకుతుందో డేటాబేస్‌నే చెప్పమనండి. రకం అన్నచోట ‘ఆల్’ అని, వరుసల సంఖ్య లక్షల్లో ఉంటే పనికొచ్చే ఇండెక్స్ (త్వరగా వెతికే సూచిక) లేదు. కోడ్ మార్చకుండానే ఇది ఒక రోజు అకస్మాత్తుగా బయటపడుతుంది. పట్టిక చిన్నదిగా ఉన్నన్నాళ్లూ ఇండెక్స్ లేని లోటు తెలియదు. స్లో లాగ్ హద్దు మొదట్లో 10 సెకన్లు ఉంటుంది, అది పనికిరాని హద్దు. ఒకటికి తగ్గించండి.

జావా ఉన్నవాళ్లకు ఒక చిట్కా. టాప్ చూపిన థ్రెడ్ సంఖ్యను పాత జావాలో పదహారు ఆధారంగా మార్చి, కొత్త జావాలో ఉన్నదున్నట్టుగానే, థ్రెడ్‌ల స్థితి చెప్పే జెస్టాక్ ఇచ్చిన పాఠంలో ఎన్ఐడీ దగ్గర వెతికితే ఆ థ్రెడ్ ఏ వరుసలో ఉందో దొరుకుతుంది. దొరికినవి చెత్త సేకరణ (వాడని మెమరీని ఖాళీచేసే) థ్రెడ్‌లే అయితే మీ కొరత ప్రాసెసర్‌ది కాదు, హీప్‌ది, అంటే జావాకు కేటాయించిన మెమరీది.

కెర్నల్ తింటుంటే

ఎస్‌వై ముప్పై, నలభై దాటితే నేను ముందు చూసేది మెమరీ. విఎంస్టాట్‌లో స్వాప్‌లోకి (మెమరీ చాలనప్పుడు వాడే డిస్క్ చోటు), స్వాప్‌లోంచి కదిలే రెండు నిలువు వరుసలు సున్నా కాకుండా నిలకడగా ఉండి, జాబితాలో కెస్వాప్‌డి0 పైకి వస్తే సర్వర్ పేజీలను అటూ ఇటూ మోయడంలోనే అలిసిపోతోంది. మెమరీ పెంచండి, లేదా పనివాళ్ల సంఖ్య తగ్గించండి.

ఎస్ఐ పెరిగి కెసాఫ్ట్‌ఐఆర్‌క్యూడి కనిపిస్తే నెట్‌వర్క్ ప్యాకెట్ల వరద. సార్ ఆదేశంతో సెకనుకు ఎన్ని ప్యాకెట్లు వస్తున్నాయో చూడండి. బైట్లు తక్కువ, ప్యాకెట్లు ఎక్కువ అంటే దాడి అని అనుమానించాలి.

ఈ రెండూ కాకపోతే పెర్ఫ్ టాప్ నడపండి. కెర్నల్‌లో ఏ ఫంక్షన్ వేడిగా ఉందో క్షణాల్లో తేలుతుంది. ప్రోగ్రామ్ కెర్నల్‌ను అడిగే ప్రతి పనినీ చూపే ఎస్‌ట్రేస్ కూడా ఉంది కానీ, అది ప్రాసెస్‌ను బాగా నెమ్మదింపజేస్తుంది. ఇప్పటికే ఊపిరాడని సర్వర్ మీద పది సెకన్లకు మించి పెట్టకండి.

వర్చువల్ సర్వర్లలో చాలామంది చూడని మూల ఒకటుంది, గడియారం. సిస్ డైరెక్టరీలో డివైసెస్, సిస్టమ్, క్లాక్‌సోర్స్ దాకా వెళ్తే ప్రస్తుతం వాడుతున్నదేదో తెలుస్తుంది. టీఎస్‌సీ గానీ కెవిఎం క్లాక్ గానీ ఉంటే మామూలుగా ప్రోగ్రామ్‌లు కెర్నల్‌లోకి వెళ్లకుండానే సమయం చదువుకుంటాయి. హెచ్‌పెట్, ఏసీపీఐ గడియారాలైతే ప్రతిసారీ కెర్నల్ తలుపు తట్టాలి. సెకనుకు లక్షసార్లు సమయం అడిగే డేటాబేస్‌కు ఇది చిన్న భారం కాదు. గడియారాన్ని తేలిగ్గా తీసుకోకూడదని 2012 జూన్ 30న చాలామందికి తెలిసొచ్చింది. ఆ అర్ధరాత్రి కలిపిన ఒక్క లీప్ సెకనుకు (గడియారాన్ని భూభ్రమణంతో సరిచేసే అదనపు సెకను) లినక్స్ కెర్నల్‌లోని లోపం తోడై, జావా, మైఎస్‌క్యూఎల్ నడుస్తున్న సర్వర్లు ఎన్నో వంద శాతానికి ఎగబాకాయి. తేదీని మళ్లీ అదే తేదీకి అమర్చితే చల్లబడ్డాయి.

జాబితాలో ఎవరూ లేకపోతే

మొత్తం వాడకం 90 శాతం, జాబితాలో అందరికంటే పైనున్న ప్రాసెస్ మాత్రం 3 శాతం. అసలు అంతుచిక్కని కేసు ఇదే. నాకు మొదటిసారి ఎదురైనప్పుడు టాప్ చెడిపోయిందనుకున్నాను.

టాప్ మూడు సెకన్లకోసారి చూస్తుంది. ఆ మధ్యలో పుట్టి చనిపోయిన ప్రాసెస్ దాని కంటికి కనపడదు. కనుక పుట్టుకలు లెక్కపెట్టాలి. ప్రాక్ డైరెక్టరీలోని స్టాట్ ఫైల్‌లో ‘ప్రాసెసెస్’ అనే వరుస ఉంటుంది, సర్వర్ మొదలైనప్పటి నుంచి పుట్టిన వాటి సంఖ్య అది. నేను ఒకసారి చూసి, పది సెకన్లు ఆగి మళ్లీ చూశాను. తేడా 2,400. సెకనుకు 240 పుట్టుకలు, ఎవరూ వాడని సర్వర్‌లో!

అప్పుడు బీసీసీ పరికరాల్లోని ఎగ్జెక్‌స్నూప్ నడిపాను. అది పుట్టిన ప్రతి ప్రాసెస్‌నూ, దాని తండ్రి (దాన్ని పుట్టించిన ప్రాసెస్) సంఖ్యనూ చూపిస్తుంది. తెర మీద డీఎఫ్, గ్రెప్, ఆక్, డేట్, మళ్లీ డీఎఫ్, గ్రెప్, ఆక్, డేట్ వరదలా పారుతున్నాయి. నాలుగింటికీ తండ్రి ఒకడే. ఆ సంఖ్య పట్టుకుని వెళ్తే తేలింది, డిస్క్ నిండిపోతుందేమోనని కాపలా కాయడానికి నేనే రాసిన స్క్రిప్ట్. వారం క్రితం అందులో ఒక షరతు చేర్చినప్పుడు, నిమిషం ఆగమని చెప్పే స్లీప్ వరుస పొరపాటున ఆ షరతు లోపలికి వెళ్లింది. షరతు నెరవేరకపోతే ఆగడం లేదు, తిరుగుతూనే ఉంది. కంచే చేను మేసింది.

ఎగ్జెక్‌స్నూప్ లేని చోట ఎటాప్ పనికొస్తుంది. ప్రాసెస్ అకౌంటింగ్ తోడుంటే అది చనిపోయిన ప్రాసెస్‌ల ఖర్చు కూడా చూపిస్తుంది.

ఇదే కోవలో మరొకటి, పడిపోతూ లేస్తూ ఉండే సర్వీసు. సర్వీసులను నడిపించే సిస్టమ్‌డి మామూలుగా 10 సెకన్లలో 5 సార్లకు మించి మొదలైతే ప్రయత్నం మానేస్తుంది. కానీ మీ సర్వీసు పడిపోవడానికి మూడు సెకన్లు తీసుకుంటే ఆ హద్దు ఎప్పటికీ తగలదు. మొదలవుతుంది, లైబ్రరీలన్నీ చదువుతుంది, సెట్టింగ్ ఒకటి దొరక్క చనిపోతుంది, మళ్లీ మొదలవుతుంది. సిస్టమ్‌డి లాగ్ అయిన జర్నల్‌లో రీస్టార్ట్ లెక్క ఎంతకు చేరిందో వెతికితే వేలల్లో కనిపించవచ్చు.

దొంగ మైనర్లు

పేరు తెలియని ప్రాసెస్ రోజంతా వంద శాతం దగ్గర నిలకడగా ఉంటే క్రిప్టో నాణేలు తవ్వే మైనర్ అని అనుమానించండి. ఎక్స్ఎమ్మార్‌రిగ్ అనే మైనర్ అసలు పేరుతో ఉంటే సులువు. చాలావరకు కెవర్కర్, కెస్వాప్‌డి లాంటి కెర్నల్ పేర్లు తగిలించుకుంటాయి. నిజమైన కెర్నల్ థ్రెడ్‌ను గుర్తుపట్టడం తేలికే. దాని తండ్రి సంఖ్య 2, ప్రాక్‌లో దాని ఫోల్డర్‌లోని ఎగ్జిక్యూటబుల్ లింకు ఏ ఫైల్‌నూ చూపదు. ఆ లింకు తాత్కాలిక ఫోల్డర్‌లోని ఫైల్‌ను చూపినా, తొలగించారని చూపినా అది వేషం.

వెంటనే చంపకండి. చంపితే కాపలా స్క్రిప్ట్ నిమిషంలో మళ్లీ పుట్టిస్తుంది. స్టాప్ సంకేతం పంపితే ప్రాసెస్ గడ్డకట్టి నిలిచిపోతుంది, వాడకం పడిపోతుంది, ఆధారం చెక్కుచెదరదు. డిస్క్ మీద తొలగించిన ఫైల్‌ను కూడా ఆ లింకు ద్వారా కాపీ తీసుకోవచ్చు. తర్వాత అందరు వాడుకరుల క్రాన్ పట్టికలు, సిస్టమ్‌డి టైమర్లు, అనుమతించిన ఎస్ఎస్‌హెచ్ తాళాల (కీల) ఫైల్ చూడండి. ఈటీసీలో ఎల్‌డీ ఎస్ఓ ప్రీలోడ్ అనే ఫైల్ ఉంటే మరింత జాగ్రత్త. దాని ద్వారా చొప్పించిన లైబ్రరీ టాప్, పిఎస్‌ల కళ్లకే గంతలు కట్టగలదు. బయటి లైబ్రరీల మీద ఆధారపడకుండా స్టాటిక్‌గా కట్టిన బిజీబాక్స్‌తో (మామూలు ఆదేశాలను ఒకే ఫైల్‌లో ఇచ్చేది) జాబితా తీసి పోల్చండి.

ఎలా వచ్చింది? పాస్‌వర్డ్ లేకుండా 6379 పోర్టులో తెరిచి ఉంచిన రెడిస్ డేటాబేస్, 2375లో తెరిచి ఉంచిన, కంటైనర్లు నడిపే డాకర్, బలహీనమైన ఎస్ఎస్‌హెచ్ పాస్‌వర్డ్, పాత వెబ్ ప్లగిన్, ఎక్కువగా ఈ తలుపుల్లోంచే. రూట్ (సర్వాధికారి) హక్కులతో నడిచి ఉంటే శుభ్రం చేయడం మీద ఆశ పెట్టుకోకండి. కొత్త సర్వర్ కట్టి, సమాచారం మాత్రం తరలించి, పాత సర్వర్‌లో ఉన్న ప్రతి తాళం, పాస్‌వర్డ్ మార్చండి.

ప్యానెల్ ఒకటి, సర్వర్ ఒకటి చెబుతుంటే

ప్యానెల్ గ్రాఫ్ 100 అంటుంది, లోపల టాప్ 40 అంటుంది. రెండూ అబద్ధం కాదు. ప్యానెల్ హోస్ట్ వైపు నుంచి కొలుస్తుంది, కాబట్టి మీ తరఫున డిస్క్, నెట్‌వర్క్ పరికరాలను అనుకరించే పని కూడా అందులో కలుస్తుండవచ్చు. డిస్క్, నెట్‌వర్క్ పరికరాలు వర్చువల్ యంత్రాల కోసమే చేసిన వర్టియో రకానివేనా, పాత అనుకరణ రకమా చూడండి. కంటైనర్లు (సర్వర్ లోపల విడివిడి గదుల్లా నడిచే ప్రోగ్రామ్‌లు) వాడుతుంటే మరో తేడా. కేటాయించిన వాటా దాటిన కంటైనర్ అణిచివేతకు గురై నత్తలా నడుస్తుంది, సర్వర్ మాత్రం ఖాళీగా కనిపిస్తుంది. దాని సీగ్రూప్‌లోని (వాటా హద్దులు అమలుచేసే కెర్నల్ ఏర్పాటు) సీపీయూ స్టాట్ ఫైల్‌లో అణిచివేతల సంఖ్య పెరుగుతుంటే అదే కారణం.

మళ్లీ వచ్చేలోగా

ఈసారి దొరక్కుండా తప్పించుకుంటే సిస్‌స్టాట్ ప్యాకేజీ పెట్టండి. అది ప్రతి పది నిమిషాలకూ ఖాతాలన్నీ రాసుకుంటుంది, మరుసటి రోజు సార్‌తో వెనక్కి వెళ్లి చూడవచ్చు. డెబియన్, ఉబుంటులలో పెట్టినంత మాత్రాన సరిపోకపోవచ్చు. ఈటీసీలో డిఫాల్ట్ ఫోల్డర్‌లోని సిస్‌స్టాట్ ఫైల్‌లో ‘ఎనేబుల్డ్’ విలువ ట్రూ అని ఉందో లేదో చూసుకోండి. పది నిమిషాలు చిన్న ఎగుడుదిగుళ్లకు మరీ ముతక, నేను రెండు నిమిషాలకు మారుస్తాను. దానితోపాటు, లోడ్ కోర్ల సంఖ్యకు రెట్టింపు దాటినప్పుడు పిఎస్ జాబితాను ఫైల్‌లో వేసే చిన్న స్క్రిప్ట్ ఒకటి. దాన్ని తిరుగుతూ ఉండే లూప్‌గా కాకుండా, నిమిషానికోసారి క్రాన్ పిలిచేలా పెట్టాను. కారణం మీకు తెలుసు.